సూర్యం, గాజు కన్నున్న నిచ్చెన బండి

మా సూర్యానికి పుట్టుకతోనే నమ్మకం తక్కువ. టాటానగర్ స్టేషన్లో మైకు రెండో నంబరు ప్లాట్‌ఫారం అని గొంతు చించుకుంటున్నా, ముగ్గురు కూలీలను అడిగితే గాని మెట్లెక్కడు. ఆ ఊళ్ళోనే భాలుబాసా పేటలో మా ఇళ్ళు ఎదురెదురు. రోజూ పొద్దున్నే పాలవాడి ఎదుటే పాలలో వేలు ముంచి చూస్తాడు. ఆ పాలవాడు పదేళ్ళుగా తిట్టుకుంటూనే పోస్తున్నాడు.

ఈ గుణంతోనే ఫ్యాక్టరీ ఫైర్ స్టేషన్లో ఇరవై ఆరేళ్ళు నిచ్చెన బండి ఆపరేటరుగా నెట్టుకొచ్చాడు. ఆ బండికి డ్రైవర్ని నేను, ఆదిబాబుని. నేను బండి నిలబెడితే అతను నిచ్చెన లేపేవాడు. ఆ పనికి అనుమానపు మనిషే కావాలి, అది ఒప్పుకుని తీరాలి. పాత బండిలో నిచ్చెనను లాగే ఇనుప తాళ్ళ మీద వారానికోసారి దూది ఉండ పెట్టి ఈ కొస నుంచి ఆ కొస దాకా జరిపేవాడు. తాడులో ఒక్క తీగ తెగి ఉన్నా దూది అక్కడ చిక్కుకునేది. అలా రెండుసార్లు పట్టుకున్నాడు.

కిందటేడు కొత్త బండి వచ్చింది. నలభై మీటర్ల నిచ్చెన, దాని కొసన నలుగురు నిలబడే తొట్టి. బరువు ఎక్కువైనా, గాలి పెరిగినా, నేల మీద ఆనించిన కాళ్ళు ఒరిగినా అదే ఆగిపోతుందట. తొట్టి ముందు నల్లటి గాజు కన్ను ఒకటి ఉంది. తొట్టి కొంత ఎత్తు లేచాక గోడో కరెంటు తీగో దగ్గరికొస్తే ఆ కన్ను పసిగట్టి నిచ్చెనను ఆపేస్తుందని కంపెనీ ఇంజనీరు హరికిరణ్ చెప్పాడు. ఆయనది వైజాగ్, అందుకని మాకు తెలుగులోనే విడమరిచాడు.

"తనంతట తనే ఆగిపోతాదా? మరి ఆగకపోతే ఏటి సేత్తారు బాబూ?" అన్నాడు సూర్యం.

"అలా జరగదండీ."

"జరగదన్నోడినే నాను నమ్మను."

ఆ మర్నాడే కొత్త తాళ్ళ మీదా దూది జరిపాడు. ఎక్కడా చిక్కుకోలేదు. పాపం, చాలా నిరాశపడ్డాడు.

నాకు అతని మీద కోపమొచ్చేది గాని, ఈసారి అనుమానానికి కారణం ఉంది. అతని కూతురు బిందుప్రియ ఆ ఏడే మా స్టేషన్లో ఫైర్‌మ్యాన్ ఉద్యోగంలో చేరింది. ఆఫీసర్ల ముందు బండిని పరీక్షించే రోజున తొట్టిలో మొదట ఎక్కాల్సింది ఆ పిల్లే. "నువ్వు ఎక్కద్దే అమ్మా, ఆ బండి మాట మీద నాకు నమ్మకం లేదు" అని ఇతను తెలుగులో బతిమాలేవాడు. "పాపా, మేరీ డ్యూటీ హై", నాన్నా అది నా డ్యూటీ అని ఆమె హిందీలో తేల్చేసేది. భయంతో ఇతనికి అన్నం సహించేది కాదు.

విశ్వకర్మ పూజ మర్నాడు పరీక్ష పెట్టారు. పూజ రోజున మా ఊళ్ళో ఏ యంత్రమూ పని చెయ్యదు, స్నానం చేసి పూలదండ వేయించుకుంటుంది. కొత్త బండి అలంకారమంతా సూర్యమే చేశాడు. నమ్మకం లేకపోతేనేం, కూతురు ఎక్కే బండి. నూనెలో కలిపిన సిందూరంతో చక్రాలకూ కాళ్ళకూ బొట్లు పెట్టాడు. చివరికి స్టూలెక్కి తొట్టికి కూడా పెట్టాడు.

పరీక్ష రోజున శిక్షణకు వాడే నాలుగంతస్తుల టవరు పక్కన బండి నిలబెట్టాను. ఆఫీసర్లు షామియానా కింద కూర్చున్నారు. బిందుప్రియ తొట్టిలోకెక్కింది. కంపెనీ తరఫున హరికిరణే మీటలు పట్టి నిచ్చెన లేపాడు. తొట్టి రెండో అంతస్తు దాటి ఆగిపోయింది. ముందు అడ్డం ఉందని ఎర్రదీపం వెలిగింది. ముందేమో ఖాళీ ఆకాశం. మళ్ళీ లేపాడు, మళ్ళీ ఆగింది. ఆఫీసర్లు మొహాలు చూసుకున్నారు. హరికిరణ్ జేబులోంచి చిన్న తాళంచెవి తీసి, మీటల కింద ఒక కన్నంలో పెట్టి తిప్పాడు. దీపం ఆరింది, నిచ్చెన కదిలింది.

"ఏటది? ఏటి తిప్పినావు?" సూర్యం కళ్ళు ఆ చేతి మీదే ఉన్నాయి.

"ఏం లేదండీ, ఊరికే ఆపేస్తోంది. కాసేపు ఆ కన్ను మాట పక్కన పెట్టానంతే."

తొట్టి సూటిగా టవరు సన్‌షేడు మీదికి పోతోంది. సూర్యం హరికిరణ్‌ని మోచేత్తో నెట్టి ఎర్ర బటన్ మీద గుద్దాడు. సిమెంటు అంచుకు జానెడు దూరంలో తొట్టి ఊగుతూ ఆగింది. పైనుంచి "పాపా!" అని కేక.

ఆమెను దించారు. బండి వెనక్కి పంపేద్దామని పెద్ద ఆఫీసరు అనేశాడు. ఇన్నాళ్ళుగా సూర్యం మొత్తుకున్నది నిజమైంది. "గెలిసినావు బావా!" అని నేను వీపు తట్టాను. అతను వినిపించుకోలేదు, తొట్టి దగ్గరికెళ్ళి నిలబడిపోయాడు. నేనూ వెళ్ళి చూశాను. గాజు కన్ను మీద మందంగా సిందూరం. యంత్రానికి నుదురు అదే అనుకుని నిన్న పెట్టాడు. స్టూలు పట్టుకున్నది నేనే.

అతని చేతిలో జేబురుమాలు ఉంది. "తుడిసేయ్, ఎవరూ సూడ్లేదు" అన్నాను. సిగ్గుపడాల్సిన మాటే, కానీ అన్నాను.

బిందుప్రియ సీసాతో నీళ్ళు తాగుతోంది, సగం నీళ్ళు యూనిఫాం మీదే ఒలుకుతున్నాయి. సూర్యం ఆ పిల్లను కాసేపు చూసి, ఆఫీసర్లను కేకేసి పిలిచాడు. వచ్చీరాని హిందీలో మొత్తం చెప్పాడు. బండి నిజమే చెప్పిందని, దాని కన్ను మూసింది తానేనని, ఆ తరువాత దాని నోరు నొక్కింది ఈ బాబేనని, రిపోర్టు కాగితం మీద ముందు తన పేరే రాయమని.

హరికిరణ్ తలదించుకున్నాడు. కన్ను శుభ్రం చేయించి, మళ్ళీ ఎవరు ఎక్కుతారని పెద్ద ఆఫీసరు అడిగాడు. ఎవరూ కదల్లేదు, నాతో సహా. ఇన్నేళ్ళూ నేల మీద నిలబడి మనుషుల్ని పైకి పంపినవాడు సూర్యం, ఒక్కసారీ తాను ఎక్కలేదు. "నానెక్కుతాను. ఆ తాళంచెవి మాత్రం ఆదిబాబు దగ్గరుండాలి" అన్నాడు. హరికిరణ్ తెచ్చి నా చేతిలో పెట్టాడు.

సూర్యం తొట్టిలోకెక్కి నడుము బెల్టు కొక్కెం కడ్డీకి తగిలించుకున్నాడు. బిందుప్రియ సీసా కింద పెట్టి తనూ ఎక్కింది. తండ్రి కొక్కెం పట్టుకుని గట్టిగా లాగింది. చాలదన్నట్టు వంగి చూసి మళ్ళీ లాగింది.

"ఏటే, నా మీద నమ్మకం లేదా?"

"నహీ" అంది ఆ పిల్ల.

సూర్యం మొహంలో అంత సంతోషం నేనెప్పుడూ చూడలేదు. కళ్ళు తుడుచుకుని, "లేపండి బాబూ" అన్నాడు.