దీపం అనని మాట

ఆ రోజుల్లో కరీంనగర్ బస్టాండు దగ్గర, ఒక బట్టల దుకాణం మీది అంతస్తులో ఆరుగురం కంప్యూటర్ల ముందు కూర్చుని ప్రపంచాన్ని మార్చేస్తున్నామనుకునేవాళ్లం. అక్కడ పుట్టిన ఒక మంచి ప్రోగ్రాం ఎందుకు చెడిందని ఎవరడిగినా, "అందరూ తలో చెయ్యి వేశారు" అని ఇన్నేళ్లూ చెబుతూ వచ్చాను. మొదటి చెయ్యి నాదని మాత్రం చెప్పలేదు.

దాన్ని తయారు చేసింది నాకంటే నాలుగేళ్లు చిన్నవాడైన బెల్లంపల్లి యువకుడు. వాళ్ల బాపు బొగ్గుబాయిలో కార్మికుడు. మాట్లాడితే బాపు నెత్తిమీది దీపం ముచ్చట తెచ్చేవాడు కనుక మాకతను దీపం అయిపోయాడు. మామూలు తెలుగులో నాలుగు ముక్కలు టైపు చేసి ఇస్తే చాలు, అతని ప్రోగ్రాం చక్కని వెబ్ పేజీ చేసి పెట్టేది. పైగా ఓపెన్ సోర్స్ అంటూ, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, విప్పి మార్చుకోవచ్చు అని దాన్ని నెట్‌లో పెట్టేశాడు. ఎక్కడో పరాయి దేశంలోని ఒకాయన మెచ్చుకుంటూ మెయిల్ రాశాడు. మా యజమాని సారు దాన్ని అందరికీ చదివి వినిపించిన మధ్యాహ్నం నా డబ్బాలోని సర్వపిండి చప్పగా అనిపించింది. (దీపానికి తెలుగు టైపింగ్ నేర్పింది నేను. నా పేరు ఉందేమోనని ఆ మెయిల్ రెండుసార్లు చదివాను. సరే, నాలుగుసార్లు.)

మరుసటి వారం సారు నన్ను పిలిచి, సీనియర్‌వి కదా, అది ఏమేం చెయ్యాలో, ఏవి చెయ్యకూడదో మీరిద్దరూ కూర్చుని తేల్చండి అన్నాడు. దీపం అప్పటికే ఒక కాగితం మీద తేల్చేశాడు: రాసింది తీసుకుంటుంది, పేజీ చేస్తుంది, ఇంకేం చెయ్యదు. ఆ 'ఇంకేం చెయ్యదు' దగ్గర నాకు ఒళ్లు మండింది. అంత ధీమా నాకు ఏనాడూ లేదు.

"గింతేనా తమ్మీ? జర పెద్దగ ఆలోచించు."

"బాయిల దిగేటోడు దీపం తీస్కపోతడన్నా, ఇల్లు తీస్కపోడు. మా బాపు అంటడు."

ఎవరికేం కావాలో రాసుకుంటానని నోటుబుక్కు పట్టుకుని అందరి దగ్గరికీ బయల్దేరాను. మా వైపు పెండ్లి పత్రిక వేయించినవాళ్లకు సంగతి తెలుసు. ఒక్క మేనమామ పేరు తప్పినా ఏడేండ్లు గడప తొక్కడు. అందుకని ఎవరెవరి పేర్లు వెయ్యాలని అందరినీ అడగడం మొదలుపెట్టామా, చివరికి పత్రికలో పెండ్లికొడుకు పేరు వెతుక్కోవాల్సి వస్తుంది. నేను అచ్చం అదే చేశాను. సారు బస్సుల టైములు కావాలన్నాడు. చొప్పదండి నుంచి రోజూ వచ్చే మేడం పత్తి ధరలు అడిగింది. కింద బట్టల సేటు (అతనికి కంప్యూటరే లేదు) చీరల ఫోటోలు గుండ్రంగా తిరగాలన్నాడు. ఇంకొకాయనకు జాతకం. అడిగిన ప్రతివాళ్లకూ ఒకటే మాట చెప్పాను: "ఫికర్ చెయ్యకుండ్రి, దీపం చేస్తనన్నడు."

దీపం అనలేదు. నేను అతన్ని అడగనే లేదు.

వాళ్లంతా ముందే వచ్చి, చేస్తనన్నవు గదా అని మెచ్చుకుంటుంటే, మెత్తనివాడు, కాదనలేకపోయాడు. ఏడాది తిరిగేసరికి ఆ ప్రోగ్రాం తెరుచుకునేలోపు కిందికి వెళ్లి చాయ్ తాగి రావచ్చు. చీరలు తిరిగేవి, పేజీ వచ్చేది కాదు. మెచ్చుకునే మెయిళ్లు ఆగిపోయాయి. నా సర్వపిండికి మళ్లీ రుచి వచ్చింది. ఉద్యోగం మానేసి వెళ్లే రోజు అతను నా చెయ్యి పట్టుకున్నాడు. "అన్నా, నువ్వు మంచిగనే అందరిని కలుపుకచ్చినవు. నాకే చాతకాలే." అప్పుడైనా చెప్పాల్సింది. బస్సు టైమవుతోంది పొమ్మన్నాను. (ఆ టైము మన ప్రోగ్రాంలో చూసుకొమ్మనలేదు. అంత దయ ఉండేది.)

మొన్న ఎండాకాలం బెల్లంపల్లి వెళ్లాను. అక్కడే పిల్లలకు కంప్యూటర్ పాఠాలు చెబుతున్నాడు. నాకంటే ముందే తల నెరిసింది. క్షమాపణ కోసం ఇంట్లో మూడు పేజీలు రాసుకున్నాను. అందులో నా వయసు, సారు తొందర, ఆ ఏటి ఎండలు, అన్నీ ఉన్నాయి. బస్సు గోదావరి దాటేలోపు ఒక్కొక్కటే కొట్టేస్తూ పోతే చివరికి ఒక్క ముక్క మిగిలింది. అతను చాయ్ పోస్తుంటే అదే చెప్పాను.

"నువ్వు చేస్తననలే తమ్మీ. అన్నవని అందరికి నేనే చెప్పిన. ఓర్వలేక చెప్పిన. తప్పు నాదే, మన్నించు."

అతను గ్లాసు నా చేతికిచ్చాడు. "చేస్తనని ఎప్పుడన్ననో యాదికి రాక ఇన్నేండ్లు పరేషానైన అన్నా," అన్నాడు. తర్వాత నా జేబులోంచి తొంగిచూస్తున్న కాగితాల వైపు చూసి, ఇంకేమన్న ఉన్నదా అని అడిగాడు.

"ఇంకేం లేదు," అన్నాను.