కిటికీ మూసే పని

నా చిన్నప్పుడు మా ఇంట్లో కిటికీ మూసే పని నాది. నీళ్లు మోయడం, గిన్నెలు తోమడం ఎవరికి వీలైతే వాళ్లు చేసేవారు గానీ, వెనక గది కిటికీ మాత్రం నాకే అప్పజెప్పారు. ఎందుకంటే అంతకుముందు ఏడు ఆ కిటికీ తీసింది నేనే. తీసిన మూడో రోజుకు నా చెల్లెలు పోయింది.

అప్పటికి నాకు ఎనిమిదేళ్లు. చెల్లెలికి ఇంకా పేరు కూడా పెట్టలేదు. మధ్యాహ్నం ఉక్కపోస్తోంది, జర కిటికీ తీయమని అమ్మ అంది. తీశాను. అమ్మకు కునుకు పట్టింది, నేను వాకిట్లోకి ఆడుకోవడానికి పోయాను. జరిగింది ఇంతే. పిల్ల పోయిన రోజు మా నాయినమ్మ గోడకు తల ఆనించుకుని, "కిటికీ తీసిండ్రు, గాలి సోకింది, పిల్ల పాయె" అని ఏడ్చింది. నా పేరు ఎత్తలేదు, నా వైపు చూడనైనా లేదు. కానీ తీసింది ఎవరో ఇంట్లో అందరికీ తెలుసు. తీయమన్నది నేనేనని అమ్మ ఒక్క మాట అనొచ్చు కదా అని నాకు చాలా రోజులు కోపం ఉండేది. అమ్మ నోట్లో నాలుక లేని మనిషి. పైగా ఆ దుఃఖంలో ఎవరేమన్నారో ఆమెకు వినపడి కూడా ఉండదు. ఇది నాకు తెలియడానికి నేనూ తల్లిని కావాల్సి వచ్చింది.

మా ఇల్లు మట్టెవాడలో ఉండేది. ముందు గదిలో మా నాన్న, మేం బాపు అనేవాళ్లం, బట్టలు కుట్టేవాడు, వెనుక వంటిల్లు, దాని పక్కన ఒక చీకటి గది. కాన్పయిన వాళ్లను ఆ గదిలోనే ఉంచేవారు. మట్టిగోడలు, పైన గూనపెంకులు, సందు వైపుకు ఒకే ఒక్క కిటికీ. మరుసటి ఏడు తమ్ముడు పుట్టింది నిండు వానకాలంలో. రోజుల తరబడి ముసురు విడవలేదు. బాలింతకూ పసిగుడ్డుకూ చలిగాలి తగలొద్దని మా నాయినమ్మ పట్టుదల. అమ్మ చెవుల్లో దూది, తలకు గుడ్డ, మంచం పక్కన బొగ్గుల కుంపటి, పొద్దుమాపు సాంబ్రాణి పొగ. తలుపుకు అడ్డంగా గొంగడి వేలాడదీసింది. ఇక కిటికీ సంగతి నన్ను చూసుకోమంది.

చూసుకున్నాను. అట్లా ఇట్లా కాదు. రెక్కలు మూసి, గడియ పెట్టి, సందుల్లో బాపు కత్తిరించి పడేసిన బట్ట పేలికలు పుల్లతో కుక్కాను. అది చాలదనిపించి పాత పేపర్లు తెచ్చి గంజితో అతికించాను, ఒకదాని మీద ఒకటి మూడు వరసలు. బడికి పోయే ముందు, వచ్చాక కిటికీకి చెంప ఆనించి, ఎక్కడైనా సన్నగా గాలి తగులుతోందేమో అని చూసేదాన్ని. బడిలో పలక ముందు పెట్టుకున్నా ధ్యాసంతా ఆ కాగితాల మీదే. గంజి ఎండి అంచులు లేస్తున్నాయేమో, ఎలుక కొరికిందేమో అనుకుంటూ కూర్చునేదాన్ని. పంతులుగారు ఏం అడిగారో తెలియక రెండుసార్లు దెబ్బలు తిన్నాను.

పదో రోజున తమ్ముడికి ఎగశ్వాస మొదలైంది. పాలు తాగుతూ తాగుతూ మధ్యలో వదిలేసి నోరు తెరిచేవాడు. డొక్కలు ఎగిరిపడేవి. లోపల పిల్లికూతల్లాంటి చప్పుడు. ఎక్కడి నుంచో గాలి సోకుతోంది అంది మా నాయినమ్మ. అని, ఈసారి నా వైపు చూసింది. వెంటనే పోయి ఇంకో వరస కాగితం అతికించాను. కుంపట్లో బొగ్గులు ఎక్కువయ్యాయి, సాంబ్రాణి రెండు పూటల నుంచి మూడు పూటలైంది. ఎంత బందోబస్తు చేస్తే వాడికి అంత ఎక్కువవుతోంది. మాకెవరికీ ఆ ముక్క తట్టలేదు.

ఇందులో నేను దాచిన సంగతి ఒకటుంది. మంచం తలాపున గోడ మీద నల్లటి చుక్కలు లేచాయి. మొదట ఆవాలంత ఉండేవి. బయట ముసురు కదా, తమ్ముడి తడిబట్టలన్నీ ఆ గదిలోనే దండెం మీద ఆరేసేవాళ్లం. అమ్మ వేడినీళ్ల స్నానం కూడా ఆ గది మూలనే. ఆ ఆవిరంతా పోయే దారి లేక గోడలు చెమర్చేవి. దానికే బూజు పట్టిందని తొమ్మిదేళ్లదానికి ఏం తెలుసు? చెల్లెలి పాపం నాకు ఇట్లా తగులుతోందనుకున్నాను. తడిగుడ్డతో తుడిచాను. తెల్లారేసరికి మళ్లీ వచ్చాయి, ఇంకాస్త పెద్దగా. తుడిచినకొద్దీ పాకాయి. ఆఖరికి ముందు గదిలోంచి దేవుడి బొమ్మ క్యాలెండరు తెచ్చి, వాటి మీదికి వచ్చేలా మేకుకు తగిలించాను. పసిపిల్లవాడి తలాపున దేవుడిని పెట్టానని అందరూ మెచ్చుకున్నారు. నాకు అన్నం సయించలేదు.

మా పక్కింట్లో ఒకామె అద్దెకుండేది. మిషన్ దవాఖానలో నర్సు. వాడంతా సిస్టరమ్మ అనేవాళ్లం. తమ్ముడి ఎగశ్వాస గోడ అవతలికి వినపడిందేమో, ఒక మధ్యాహ్నం డ్యూటీ నుంచి వస్తూ వస్తూ మా గడపలో ఆగింది. రోగుల మధ్య తిరిగిన బట్టలతో బాలింత గదిలోకి రావద్దని మా నాయినమ్మ మొహం మీదే చెప్పింది. వేరే మనిషైతే రోషపడి పోయేది. ఆమె ఇంటికి పోయి తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని మళ్లీ వచ్చింది.

గొంగడి ఎత్తి లోపలికి అడుగుపెట్టగానే ముక్కు మూసుకుంది. ముక్కిన వాసన, బొగ్గు పొగ, తడిబట్టల కంపు. రోజూ అందులోనే ఉండే మాకు తెలిసేది కాదు. తమ్ముడి గుడ్డ తీసి డొక్కలు చూసింది, వీపుకు చెవి ఆనించి విన్నది. రేపు పొద్దున్నే దవాఖానకు తీసుకురమ్మంది. కుంపటి ఇప్పుడే బయట పెట్టమంది, కిటికీ తీయమంది.

మా నాయినమ్మ మంచానికీ కిటికీకీ మధ్య నిలబడింది. "ఒకపారి తీసినం సిస్టరమ్మా. పిల్లను మట్టిల పెట్టచ్చినం. మల్ల తియ్యమంటవా?" అంది.

నేను గుమ్మం దగ్గర గొంగడి పట్టుకుని నిలబడి ఉన్నాను. సిస్టరమ్మ మా నాయినమ్మను చూసింది, కాగితాలు అతికించిన కిటికీని చూసింది, గంజి ఎండిపోయిన నా వేళ్లను చూసింది. అంత చదువుకున్న మనిషి ఒక ముసలామెకు జడిసి ఊరుకుందని నాకు లోపల ఉడికిపోయింది. కిటికీ తీస్తారేమోనని భయపడ్డదీ నేనే, తీయనందుకు ఉడికిపోయిందీ నేనే.

ఆమె పోలేదు. వంటింటి గడప మీద కూర్చుని అవీ ఇవీ మాట్లాడుతూ సాంబ్రాణి వేళ దాకా ఉంది. మా నాయినమ్మ నిప్పుల మీద సాంబ్రాణి చల్లి, మంచం చుట్టూ మూడుసార్లు తిప్పింది. గది పొగతో నిండిపోయింది. తమ్ముడు దగ్గలేక దగ్గాడు. అప్పుడు సిస్టరమ్మ ఏమీ తెలియనట్టు, ఈ పొగ ఎందుకేస్తున్నావు అవ్వా అని అడిగింది. దిష్టి పోవడానికి, ఆ మాత్రం తెలియదా అంది మా నాయినమ్మ.

"పొగతోని దిష్టి లేస్తది. మంచిదే. లేసి ఎటు పోతది అవ్వా?"

మా నాయినమ్మ పైకి చూసింది. పొగ పైన పెంకులకు తగిలి మళ్లీ కిందికి, మంచం మీదికే దిగుతోంది. తలుపుకు గొంగడి. కిటికీకి నా కాగితాలు.

"దోవ లేకపాయె. మల్ల పిల్లగాని మీదికే దిగుతాంది గదా" అంది సిస్టరమ్మ, మెల్లగా.

మా నాయినమ్మ మొండిదే గానీ తెలివితక్కువది కాదు. గాలి మంచిదని చెబితే చచ్చినా వినేది కాదు. దిష్టికి దారి కావాలంటే మాత్రం ఆమె కాదనలేకపోయింది. ధూపం గిన్నె కింద పెట్టి, నా వైపు తిరిగి, "గా కాయితాలు పీకు బిడ్డా" అంది.

నేను తీయను అన్నాను. ఎవరైనా తీయండి, నేను మాత్రం తీయను అని గొంగడిని పట్టుకుని ఏడ్చాను. అప్పుడు సిస్టరమ్మ వచ్చి నన్ను కిటికీ దగ్గరకు తీసుకుపోయింది. గడియ మీద నా చెయ్యి పెట్టింది, నా చెయ్యి మీద తన చెయ్యి పెట్టింది. "నేను పట్టుకుంట, నువ్వు తియ్యి" అంది.

కాగితాలు పరపరా చిరిగాయి. రెక్కలు తెరుచుకోగానే గదిలో పొగంతా సుడి తిరిగి సందులోకి పోయింది. వానకు తడిసిన చల్లగాలి లోపలికి వచ్చింది. ఆ గాలికి క్యాలెండరు లేచి పక్కకు తిరిగింది. దాని వెనుక గోడ నా రెండు జానల మేర నల్లగా ఉంది.

అందరూ చూశారు. నేను కళ్లు మూసుకున్నాను. ఇక అయిపోయింది, నా పని పడతారనుకున్నాను. మా నాయినమ్మ ఎన్ని రోజుల నుంచి అని అడిగింది. తొమ్మిది రోజులన్నాను. ఎందుకు చెప్పలేదంది. చెల్లెను నేనే చంపానని, ఇప్పుడు తమ్ముణ్ని కూడా చంపుతున్నానని అన్నాను. అమ్మ మంచం మీద లేచి కూర్చుంది. చెవుల్లో దూది పీకి పారేసి, తీయమన్నది నేను, నేనే తీయమన్నాను అని మా నాయినమ్మతో అంది. ఆ ఇంట్లో అమ్మ గొంతు అంత గట్టిగా వినడం నాకు అదే మొదలు.

సిస్టరమ్మ నన్ను వంటింట్లోకి తీసుకుపోయి ఎదురుగా కూర్చోబెట్టింది. ఆ ఏడు చెల్లెను దవాఖానకు తెచ్చినప్పుడు వార్డులో ఉన్నది తనేనట. "నెలలు నిండకముందే పుట్టింది మీ చెల్లె. గుండెల బలం లేకుండె. కిటికీ తీసినా మూసినా మాకు దక్కకపోయేది. గాలి చంపలే బిడ్డా. నువ్వూ చంపలే" అంది.

మరునాడు పొద్దున్నే బాపు తమ్ముణ్ని దవాఖానకు తీసుకుపోయి మందు తెచ్చాడు. మంచం వంటింటి వైపుకు మారింది, కుంపటి వాకిట్లోకి పోయింది. తడిబట్టలు పొయ్యి మీది దండెం ఎక్కాయి. బాపు నిచ్చెన వేసుకుని పగిలిన పెంకులు మార్చాడు. గోడ అక్కడి నుంచి కూడా నానిందని అప్పుడు తెలిసింది. వాన తెరిపి ఇచ్చాక ఆ మట్టి గీకేసి, గోడ బాగా ఆరాక సున్నం కొట్టాడు. ఇవన్నీ చేశారని నా భయం పోయిందా? పోలేదు. నాలుగు రోజులు తమ్ముడి డొక్కల మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాను, తెరిచిన కిటికీని దొంగను చూసినట్టు చూస్తూ. ఐదో రోజు వాడు మధ్యలో ఆగకుండా కడుపునిండా పాలు తాగాడు. తాగి నా చెయ్యి మీదే కక్కాడు. నేను చెయ్యి కడుక్కోకుండా వాడకట్టంతా తిరిగి చూపించాను.

మా నాయినమ్మ నాతో తప్పయిందని అనలేదు. ఆ కాలపు మనుషులు అనేవారు కాదు. కానీ ఆ మరునాటి నుంచి రోజూ పొద్దున్నే, అందరికీ వినపడేలా, "కిటికీ తియ్యి బిడ్డా" అని నన్నే పిలిచేది. తను మంచం పట్టిన రోజు దాకా ఇంకెవరినీ తీయనివ్వలేదు.

మొన్న ముసురులో హన్మకొండలో మా కొడుకు ఫ్లాటుకు పోయాను. మూడు నెలల మనవడికి విడవని దగ్గు. దుమ్ము, దోమలు అని అన్నీ మూసి ఏసీ వేసుకుని ఉన్నారు. బీరువా వెనుక చూస్తే అవే నల్ల చుక్కలు, అవే ఆవాలు. పోయి డాక్టరుకు చూపించండి, బీరువా జరపండి, గోడలో పైపు ఎక్కడ కారుతోందో చూడండి అని చెబుతుండగానే మా కోడలు విసుగులో ఎనిమిదేళ్ల పెద్ద మనవరాలితో, నువ్వు బాల్కనీ తలుపు తీసిపెట్టబట్టే తమ్మునికి ఇట్లయింది అంది. కోడలు మంచిదే, నిద్రలేక అన్న మాట. కానీ ఆ పిల్ల మొహం చూశాను. మోకాళ్ల నొప్పి మరిచిపోయి లేచాను.

దాన్ని కిటికీ దగ్గరకు తీసుకుపోయి, గడియ మీద దాని చెయ్యి పెట్టించి, పైన నా చెయ్యి పెట్టాను. అరవై ఏళ్లు గడిచినా గడియ తగిలితే నా చెయ్యి వణుకుతుంది. ఎంత తెలిసినా ఆ వణుకు పోదు, నాతోనే పోవాలి. అది ఆ పిల్ల చేతికి అంటకూడదనే కిటికీ దానితోనే తీయించాను.