ఐదో నిమ్మకాయ

పోయినవన్నీ ముందు లెక్క చెప్పి, ఆ తర్వాత జరిగింది చెబుతాను. నా పద్ధతి అదే. ఒక పరీక్ష పోయింది. దాని కోసం మా చెల్లెలు పద్నాలుగు నెలల పాటు వంటింటి గట్టు మీద పుస్తకం ఆనించుకుని చదివిన చదువు పోయింది. అంచుల దాకా రాసి నింపిన తొమ్మిది నోటు పుస్తకాలు పోయాయి; అంటే ఉన్నాయి, అటక మీద ఉన్నాయి, కానీ పోయినట్టే. గవర్నమెంటు టీచరు కావడానికి ఆమె వయసులో మిగిలిన ఆఖరి సంవత్సరం పోయింది. ఒక టైరు పోయింది, దాని బదులు ఉంచుకున్న టైరు అంతకుముందెప్పుడో పోయి ఉంది, తుప్పు పట్టిన గొలుసు ఒకటి తెగింది. నా లెక్క మీద మా ఇంట్లోవాళ్ళకున్న గురి పోయింది. దాన్ని కొలిచే సాధనం నా దగ్గర లేదు కనుక ఒకటి అని వేసుకుంటున్నాను. ఇక ఒక నిమ్మకాయ. అది పోలేదు, నేనే మజ్జిగలో పిండుకుని తాగేశాను. అయినా జాబితాలో అది ఉండాలి.

మొన్న గుడివాడలో టైర్ల షాపులో ప్లాస్టిక్ కుర్చీ మీద కూర్చుని ఉండగా ఇదంతా గుర్తొచ్చింది. గుర్తొచ్చింది అనడం కూడా తప్పే, మరిచిపోతే కదా. బండి టైర్లు నున్నగా అరిగిపోయాయి. షాపాయన చుట్టూ తిరిగి, ఒక్కో టైరు గాడిలో బొటనవేలు పెట్టి చూసి, "నాలుగు వేసెయ్యమంటారా, ఐదా అండీ?" అన్నాడు. చిన్న ప్రశ్న. రోజుకి ఎంతమందిని అడుగుతాడో. అందరూ ఒకే జవాబు చెబుతారు కాబోలు, నేను నోరు తెరవకముందే నాలుగు టైర్ల దొంతర మీద చెయ్యి వేశాడు. కొత్త రబ్బరు వాసన ముక్కులోకి కొట్టింది. నాకు చల్లపల్లి రోడ్డు కనిపించింది.

నేను ఏడో తరగతితో బడి మానేశాను. తర్వాత నేర్చుకున్న లెక్కలన్నీ రైసుమిల్లు కాటా దగ్గర, రొయ్యల చెరువుల గట్ల మీద. చెరువులో ఎంత పిల్ల వేస్తే ఎన్నో రోజుకి ఎన్ని కిలోల మేత పడాలో, ఏ పూట ఎంత తగ్గించాలో నోటితో చెబుతానని కోడూరు చుట్టుపక్కల రైతులు నన్ను పిలిపించుకుంటారు. కాగితం ముట్టుకోడని నాకో పేరు. ఆ పేరు వెనక మా చెల్లెలు ఉందని ఎవరికీ తెలియదు. నాకంటే ఆరేళ్ళు చిన్నది. దశాంశాల దగ్గర నేను చిక్కుపడిపోతే, అప్పటికి తొమ్మిదో తరగతి చదువుతున్న ఆ పిల్ల, మీసాలొచ్చిన నన్ను వసారాలో కూర్చోబెట్టి, చేటలో బియ్యం పోసి పది కుప్పలు చేయించింది. ఒక కుప్పని మళ్ళీ పది చిన్న కుప్పలు చేయించింది. నాలుగు గింజలు చేట అంచున మిగిలిపోతే నేను ఊదేయబోయాను. చేతి మీద ఒక్కటి వేసింది. "చుక్కకి అవతలున్నవి కూడా లెక్కేనన్నయ్యా. చిన్నవని వదిలేస్తే ఎలాగ?" అంది. టీచరు అప్పటికే తయారైపోయింది. మిగిలింది ఉద్యోగం ఒక్కటే.

ఆ ఒక్కటే రాలేదు. డిగ్రీ చదివింది, ట్రైనింగు చేసింది, అవనిగడ్డలో ఒక ప్రైవేటు స్కూల్లో మూడో తరగతి పిల్లలకి చెప్పుకుంటూ ఉండిపోయింది. గవర్నమెంటు టీచరు పోస్టుల పరీక్ష ఎప్పుడో గాని రాదు. వచ్చిన ఒకసారి రెండు మార్కుల్లో తప్పింది. మళ్ళీ పరీక్ష పడేసరికి ఏళ్ళు గడిచాయి, ఆమెకి తెల్ల వెంట్రుకలు వచ్చాయి, వయసు హద్దు ముంచుకొచ్చింది. ఈసారి కాకపోతే ఇక లేదు. ఇంట్లో అందరికీ ఆ సంగతి తెలుసు. మా బావగారు, అంటే ఆమె భర్త, పొద్దున్న అన్నం తానే వండేవాడు. "మీ చెల్లెలు చదువుకోడం కాదు బావగారూ, నాకు వంట ట్రైనింగు అవుతోంది" అనేవాడు.

ఇక బండి. సెకండ్‌హ్యాండులో కొన్న పెద్ద బండి, వెనక సీట్లు మడిచేస్తే మేత బస్తాలు పడతాయి. దాని స్టెప్నీ డిక్కీలో ఉండదు, వెనక అడుగున గొలుసుకి వేలాడుతూ ఉంటుంది. పైనించి రాడ్డు పెట్టి తిప్పితే గొలుసు వదులై కిందికి దిగాలి. దారిలో టైరు పోతే ఏం చెయ్యాలో నాకు తెలిసినంత మా వైపు ఎవరికీ తెలియదని నా నమ్మకం. జాకీ ఉంది, పానా ఉంది, జాకీ కింద వెయ్యడానికి చెక్క దిమ్మ ఉంది, చక్రాల వెనక పెట్టడానికి రెండు ఇటుకలున్నాయి, గాలి చూసే మీటరు ఉంది. ప్రతి నెలా ఒకటో తారీఖున నాలుగు టైర్ల గాలి చూసి చిన్న పుస్తకంలో రాసేవాణ్ణి. ముందు ఎడమ, ముందు కుడి, వెనక ఎడమ, వెనక కుడి. నాలుగు గడులు. పుస్తకం ఇప్పటికీ ఉంది. ఎక్కడా కొట్టివేత లేదు.

ఆ ఏడు దసరాకి బండి పూజ. కడిగి, పసుపు రాసి, బొట్లు పెట్టాను. చక్రాల కింద పెట్టడానికి నిమ్మకాయలు తెమ్మంటే మా చెల్లెలు ఐదు తెచ్చింది. "ఐదెందుకమ్మా?" అంటే, "స్టెప్నీకో?" అంది. నాకు నవ్వొచ్చింది. పక్కింటివాళ్ళు కూడా ఉన్నారేమో, కాస్త గట్టిగానే నవ్వాను. "అది రోడ్డే ఎక్కదు, దేన్ని తొక్కుతుందే?" అన్నాను. "ఎక్కే రోజొస్తే?" అంది తను. "ఆ రోజు దానికో గుమ్మడికాయే కొడదాంలే" అన్నాను. నాలుగు కాయలు పెట్టి బండి ముందుకి కదిపాను, నాలుగూ చితికాయి. ఐదోది మధ్యాహ్నం మజ్జిగలో పిండుకున్నాను. ఎండగా ఉందేమో, బాగుంది కూడా.

మేత బస్తాలతో పాటు అప్పుడప్పుడు రొయ్యల ట్రేలు కూడా ఎక్కించేవాణ్ణి. ఐసు కరిగి ఆ ఉప్పునీళ్ళు బండి అడుగునించి కారేవి. ఎక్కడికి కారేవో ఆలోచించలేదు. రోడ్డు మీదికే కదా అనుకున్నాను. రోడ్డుకీ బండికీ మధ్య వేలాడుతున్నది ఒకటుంది. దానికి నా పుస్తకంలో గడి లేదు.

పరీక్ష బందరులో. తొమ్మిది గంటలకి గేటు వేసేస్తారు, నిమిషం దాటినా రానివ్వరు. మా చెల్లెలు ఆరింటి బస్సుకి వెళ్తానంది. నేను ఒప్పుకోలేదు. కోడూరు నించి బందరుకి నా బండిలో గంటా ఇరవై ఐదు నిమిషాలు. ఏడింటికి బయల్దేరితే ఎనిమిదీ ఇరవై ఐదు. ముప్పై ఐదు నిమిషాలు చేతిలో ఉంటాయి. ఒక గంట ఎక్కువ నిద్రపో, బుర్ర తేటగా ఉంటుందన్నాను. పోనీ టైరు పోయిందనుకో, పదిహేను నిమిషాలు. అయినా ఇరవై మిగుల్తాయి అని కూడా అన్నాను. అవును, టైరు మాట నేనే అన్నాను. అన్నీ లెక్కలో ఉన్నాయని చూపించుకోవాలని.

చల్లపల్లి దాటాక వెనక ఎడమ టైరు పోయింది. ఎనిమిదీ రెండు. బందరు ఇంకా పద్దెనిమిది కిలోమీటర్లు. నాకు కంగారు లేదు సరిగదా, ఎక్కడో కాస్త ఉత్సాహంగా కూడా ఉంది. నిజం దాచి ఏం లాభం. ఇటుకలు పెట్టాను, దిమ్మ వేశాను, జాకీ ఎత్తాను. చెల్లెలు హాల్‌టికెట్టున్న ప్లాస్టిక్ కవరు గుండెకి హత్తుకుని చేల వైపు చూస్తూ నిలబడింది. ఎనిమిదీ తొమ్మిదికి అవనిగడ్డ నించి బందరు వెళ్ళే బస్సు వచ్చింది. తను చెయ్యి ఎత్తింది. బస్సు ఆగింది. కండక్టరు తల బయటపెట్టి, "పరీక్షకా అమ్మా? ఎక్కండెక్కండి, ఇంకో ముగ్గురున్నారు లోపల" అన్నాడు.

తను నా వైపు చూసింది. నేను లెక్కేశాను. బస్సులో బందరు ఎనిమిదీ నలభై, అక్కణ్ణించి ఆటోలో పరీక్ష చోటుకి ఎనిమిదీ యాభై. ఇక్కడ టైరు మార్చడం ఎనిమిదీ పదిహేడుకి అయిపోతుంది, బండిలో తిన్నగా గేటు దగ్గరికి ఎనిమిదీ నలభై నాలుగు. ఆరు నిమిషాలు మనకే లాభం. "అక్కర్లేదండీ, మీరు వెళ్ళండి. అయిపోవచ్చింది" అన్నాను. "అన్నయ్యా, ఎక్కేస్తాను" అంది తను. "ఉండమ్మా, దీనికంటే మనమే ముందుంటాం" అన్నాను. చిన్నప్పట్నుంచీ నా లెక్కకి ఎదురు చెప్పే పిల్ల, ఆ ఒక్కరోజు మళ్ళీ అనలేదు. బస్సు వెళ్ళిపోయింది.

తర్వాత రాడ్డు పెట్టి తిప్పాను. తిరగలేదు. ఉప్పు తిన్న గొలుసు మూడు లంకెలు ఒకటిగా అతుక్కుపోయి ఉన్నాయి. బండి కింద దూరి పానాతో కొట్టాను. ఎర్రటి పొడి కళ్ళలో పడింది. "వేరే బండేదన్నా ఆపనా?" అని పైనించి గొంతు. "రెండు నిమిషాలు" అన్నాను. మళ్ళీ అడిగింది, మళ్ళీ రెండు నిమిషాలే అన్నాను. ఎనిమిదీ ఇరవై నాలుగుకి గొలుసు తెగి స్టెప్నీ కింద పడింది. గాలి ఉన్న టైరు పడితే ఒకసారి ఎగురుతుంది. అది ఎగరలేదు. తడి గోనెసంచి పడ్డట్టు పడింది. దాని వాల్వు మీద వేలు పెడితే చేతికి ఊడి వచ్చింది.

ఆగని కార్లు రెండు, ఆగినా చోటు లేని వ్యాను ఒకటి. ఎనిమిదీ ముప్పై ఒకటికి ఖాళీ రొయ్యల ట్రేలు వేసుకుని వెళ్తున్న ట్రాలీ ఆటో ఆగింది. మంచివాడు, పాపం వేగంగానే తోలాడు. ఆటో ఎంత పరిగెడుతుంది? పరీక్ష కోసం ఇస్త్రీ చేసుకున్న చీర మీద రొయ్యల తడి. గేటు దగ్గరికి తొమ్మిదీ పదకొండుకి చేరాం. లోపల కాపలాదారు తల అడ్డంగా ఊపి, "నేనేం చెయ్యనమ్మా, నా చేతుల్లో లేదు" అన్నాడు. తను ఏడవలేదు, బతిమాలలేదు. పక్కన ఇంకో అమ్మాయి గేటు పట్టుకుని ఏడుస్తుంటే ఆ అమ్మాయికి మంచినీళ్ళిచ్చింది. నేనే కాపలాదారుకి ముప్పై ఐదు నిమిషాల లెక్క అంతా అప్పజెప్పాను. అతను ఓపిగ్గా విన్నాడు.

ఇంటికి వచ్చాక బావగారు ఒక్కటే అన్నాడు: "మీ లెక్కెప్పుడూ తప్పదు బావగారూ. బండే లెక్క తెలీనిది." నవ్వుతూనే అన్నాడు. ఆ తర్వాత ఆయన నన్ను చెరువు మేత లెక్క అడగలేదు, సెల్‌ఫోనులో వేసుకుంటున్నాడు. మా చెల్లెలు నా బండి ఎక్కలేదు. రమ్మంటే కోపంగా కాదనదు. "బస్సుందిగా అన్నయ్యా" అంటుంది.

కొన్నాళ్ళకి, ఉద్యోగాలొచ్చినవాళ్ళ పేర్లు తెలిశాక, కోడూరు బస్టాపులో తను కనిపించింది. ఆ రోజు బస్సులో ఉన్న ముగ్గురిలో ఒకామెకి పోస్టు వచ్చిందని ఊళ్ళో అప్పటికే చెప్పుకుంటున్నారు. పక్కన నిలబడ్డాను. "పదకొండు నిమిషాలమ్మా. పదకొండు నిమిషాల్లో పోయింది" అన్నాను. తను బస్సు వచ్చే వైపే చూస్తూ, మూడో తరగతి పిల్లాడి పలక దిద్దినట్టు చెప్పింది: "తప్పన్నయ్యా. బస్సెక్కుంటే ఎనిమిదీ యాభైకే గేటు దగ్గరుండేదాన్ని. అక్కణ్ణించి లెక్కెయ్యాలి. ఇరవై ఒకటి." బస్సు వచ్చింది. ఎక్కుతూ, "నువ్వెప్పుడూ ఒకటి వదిలేస్తావు" అంది. దాని గురించి ఆమె నాతో మాట్లాడింది అంతే.

గుడివాడ షాపాయనకి ఐదు అని చెప్పాను. "స్టెప్నీకి కొత్తదెవరూ వేయించరండీ, పాతవాటిల్లో మంచిది చూసి తగిలించేద్దాం" అన్నాడు. ఐదే అన్నాను. ఆయన ఐదోది దించి, చక్రానికి తొడిగి, గాలి పట్టి, ఒకసారి నేలకేసి కొట్టి చూపించాడు. మోకాలెత్తు ఎగిరింది. గొలుసు మార్పించాను, రొయ్యల ట్రేలు ఎక్కించడం ఎప్పుడో మానేశాను, పుస్తకంలో ఐదో గడి గీశాను. ఎక్కడికి వెళ్ళాలన్నా అరగంట ముందే చేరి, తెరవని గేట్ల ముందు ఒక్కణ్ణే కూర్చుంటున్నాను. అలా ముందుగా చేరిన నిమిషాలు ఈపాటికి వేలల్లో ఉంటాయి. వాటిలో ఒక్కటి కూడా ఆ ఉదయానికి చెల్లదు. ఏ పూట నిమిషం ఆ పూటదే. మా చెల్లెలికి నా బాకీ ఈ రోజుకీ ఇరవై ఒక్క నిమిషాలు.