కళ్లు పెట్టే కుంచె

నా దగ్గర మూడు కుంచెలుండేవి. వాటిని ఎవరు ముట్టుకున్నా నాకు ఒళ్లు మండేది. బడి పిల్లలు నా బెత్తానికి పెద్దగా జడిసేవాళ్లు కాదు గానీ, కిటికీ గూట్లో ఉన్న ఆ కుంచెల జోలికి మాత్రం పోయేవాళ్లు కాదు. పెద్దది మేక తోక వెంట్రుకలది. బొమ్మల అంగీలకూ గొర్రెల వీపులకూ దాన్ని వాడేదాన్ని. రెండోది దూడ చెవి వెంట్రుకలది, చేతులకూ గడ్డాలకూ పనికొచ్చేది. మూడోది నా ప్రాణం. పిల్లి చంపి పెరట్లో వదిలేసిన ఉడుత తోక చివరి నుంచి ముప్ఫై వెంట్రుకలు ఏరి, పావురం ఈక గొట్టంలో దూర్చి, పట్టుదారంతో బిగించి కట్టాను. తడిపి పెదాల మధ్య ఒక్కసారి లాగితే సూదిమొన అయ్యేది. దీపం మసిలో తుమ్మబంక కలిపి చేసిన నలుపు రుచి నా నాలుకకు ఇప్పటికీ గుర్తే.

మాచర్లకు దగ్గర్లో ఒక మిషన్ బడిలో నేను పంతులమ్మను. అవి యుద్ధం రోజులు. అంతకుముందు క్రిస్మస్‌కు మా చర్చిలో పెట్టే, యేసు పుట్టిన పశువుల పాక బొమ్మలు సీమ నుంచి ఓడల మీద వచ్చేవి. ఓడలు ఆగిపోయాయి. ఉన్న బొమ్మల్లో ఒకదానికి ముక్కు లేదు, ఒకదానికి చెయ్యి లేదు. ఫాదరుగారు మా ఊరి కుమ్మరి తాత చేత ఏటా కొత్తగా బెత్తెడు మట్టిబొమ్మలు చేయించి, రంగులు నన్ను వేయమనేవారు.

తాత మా మతంవాడు కాదు. అయినా బొమ్మల దగ్గర ఆయన పట్టింపు ఆయనది. కళ్లు అన్నిటికంటే చివర పెట్టాలి, పరగడుపున పెట్టాలి, ఆ కుంచె ఇంకే పనికీ వాడకూడదు. "కళ్లు పెట్టందాకా అది మట్టేనమ్మా. దానికి దారి తెలవదు" అన్నాడు. ఫాదరుగారికి చెబితే నవ్వి ఊరుకున్నారు, వద్దనలేదు. అలా ఉడుత కుంచె కళ్లకే మిగిలింది. క్రిస్మస్ అయిపోగానే దాన్ని కడిగి, పురుగు పట్టకుండా ఎండు వేపాకులో చుట్టి, మళ్లీ ఏడాది దాకా రేకు డబ్బాలో దాచేదాన్ని.

రెండేళ్లు వరసగా వానలు మొహం చాటేస్తే మా ఆయన పటాలంలో చేరాడు. లారీ నడపడం నేర్పిస్తారని ఆశ. రైలెక్కే ముందు, "నేను పోతే నీకేంది, నీ ఉడుత తోక ఉందిగా" అని ఎగతాళి చేశాడు. నేనేం తక్కువ తిన్నానా? "దానికి నోరు లేదు, అదే నయం" అన్నాను. నా నోరు మంచిది కాదని మా అమ్మ ఊరికే అనలేదు.

బడి వదిలాక ఆ ఒంటి గదిలో నాకు తోచేది కాదు. గుప్పెడు జొన్నరవ్వ ఉడకేసుకుని, తలుపు వైపు మొహం పెట్టి తినేదాన్ని. మాటకు మనిషి లేక బొమ్మలతో మాట్లాడేదాన్ని. పోస్టుమాను బడి ముందు నుంచి పోతుంటే ఎక్కం మధ్యలో ఆపి చూసేదాన్ని. పిల్లలు కూడా నాతోపాటు చూసేవాళ్లు. మొదట్లో నెలకొక ఉత్తరం వచ్చేది, సగం మాటలు నల్లసిరాతో కొట్టేసి. ఆయన వెళ్లిన రెండో ఎండాకాలం నుంచి అదీ లేదు.

ఆ ఏడు డిసెంబరు మొదట్లోనే మరియమ్మకు, కాపర్లకు, ఆవుకు, గాడిదకు కళ్లు పెట్టేశాను. మరియమ్మ పెనిమిటి జోజప్ప ఒక్కడు మిగిలాడు. కుంచె తడిపి ఆయన మొహం ముందుకు తీసుకెళ్లి, ఏం తిక్క పుట్టిందో, ఆగిపోయాను. "మా మనిషి కబురు వచ్చిన రోజే నీకు కళ్లు. నువ్వూ ఒకదాని మొగుడివేగా, నీకు తెలియాలి" అన్నాను. కుంచె కడిగేసి ఆయన్ని గూట్లో కూర్చోబెట్టాను. దేవుడితో బేరం పెట్టడం తప్పని పిల్లలకు పాఠం చెప్పేది నేనే.

క్రిస్మస్ రెండు రోజులుందనగా మా అత్త పెదకూరపాడు నుంచి రైల్లో వచ్చింది, ఎండుమిరపకాయల మూట, కందిపప్పు మూట నెత్తిన పెట్టుకుని. మా ఇద్దరికీ పొసగేది కాదు. ఉద్యోగం మానుకుని తన దగ్గరికి వచ్చెయ్యమనేది, నేను రాననేదాన్ని. ఒక్కగానొక్క కొడుకు లేని ఇంట్లో పండగపూట ఉండలేక వచ్చిందని నాకు అర్థమైంది. పైకి మాత్రం పప్పు ఇచ్చిపోదామని వచ్చానంది.

కాళ్లు కడుక్కుని కూర్చుందో లేదో, ఆమె చూపు జోజప్ప మీద పడింది. కుమ్మరి తాత మాట కిందటేడు నేనే ఆమెకు నవ్వులాటగా చెప్పాను. కళ్లెందుకు పెట్టలేదని అడిగింది. ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె మొహం వాడిపోయింది.

"వాడు వచ్చే దారి నువ్వే మూసి కూర్చున్నావటే!" అంది.

ఆ పూట ఇద్దరం తినలేదు. తెల్లారగానే నన్ను లేపి, కుంచె నా చేతికిచ్చింది. నా కుంచెను ఇంకొకరు ముట్టుకుంటే కోపం రాకపోవడం అదే మొదటిసారి. పసిబిడ్డకు కాటుక పెట్టించేటప్పుడు పట్టుకున్నట్టు బొమ్మను రెండు చేతుల్లో పట్టుకుంది. రెండు చుక్కలు పెట్టాను, ఎడమది కాస్త కిందికి జారింది. దిద్దబోతే వద్దంది. రంగు ఆరేదాకా కింద పెట్టలేదు. చర్చిలో ఇద్దరం పక్కపక్కనే కూర్చున్నాం. పండగ కాగానే ఆమె వెళ్లిపోయింది.

జొన్నకోతలప్పుడు నాకు సర్కారు ఉత్తరం వచ్చింది, ఇంగ్లీషులో. నాలుగుసార్లు చదివాను. జ్వరమొచ్చి పటాలం ఆసుపత్రిలో పోయాడని ఉంది. తేదీ చూస్తే క్రిస్మస్‌కు ఎనిమిది రోజుల ముందుది. జోజప్ప కళ్లు లేకుండా నా గూట్లో ఉన్న రోజులవి.

ఉత్తరం తీసుకుని పెదకూరపాడు రైలెక్కాను. గుమ్మంలో నన్ను చూడగానే మా అత్తకు తెలిసిపోయింది. చాలాసేపు ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి, ఎట్టా పోయాడని అడగలేదు.

"ఎప్పుడంటనే?" అంది.

ఆమెకు చదువు రాదు. కాగితం మీద వేలు పెట్టి, ఒక్కో మాటా కూడబలుక్కుని చదివినట్టు నటించాను. "దసరా ఎల్లిన వారంలోనంట అత్తా."

ఆమె వేళ్ల మీద నెలలు లెక్కపెట్టుకుంది. దసరాకి ఆ బొమ్మకు మన్ను కూడా తవ్వలేదు. లెక్క తేలాక నా దగ్గరికి జరిగి, నా తల తన ఒళ్లోకి లాక్కుంది.

మట్టిబొమ్మ కళ్లలో మనిషి ప్రాణం ఉంటుందని నేను నమ్మను. అలాంటివి నమ్మకూడదని పిల్లలకు ముప్ఫై ఏళ్లు చెప్పాను. అయినా ఆ తేదీని ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. కడుపు చించుకుంటే కాళ్ల మీదే పడుతుంది.

"నిన్ను అనరాని మాట అన్నానే అమ్మాయ్. మనసులో పెట్టుకోమాకు" అంది మా అత్త, నా వీపు నిమురుతూ. పెట్టుకోనన్నాను.