మా హెడ్మాస్టరుగారి ఆవు ఎక్కిన ఫ్రెంచి కొండ

1968వ సంవత్సరం. నౌపడ దగ్గర ఒక హైస్కూల్లో నేను సోషల్ టీచరుగా చేస్తున్నాను. చేస్తున్నాను అంటే లీవ్ వేకెన్సీలో. అసలు టీచరు సెలవు పెట్టి వెళితే ఆయన తిరిగొచ్చేదాకా నడిచే ఉద్యోగమన్నమాట. ఆయన ఇక రానని రాసేశారు. ఆ పోస్టు నాకు ఖాయం చేస్తారా, లేక సోషల్ పీరియడ్లన్నీ తెలుగు మేష్టారికి అంటగట్టి నన్ను పంపించేస్తారా అన్నది ఇనస్పెక్టరుగారు వచ్చి నా పాఠం విన్నాక తేలుతుంది. పంపించేస్తే నేను వెళ్లాల్సింది విజయనగరంలో మా అన్నయ్య ఇంటికి. మా వదిన మంచిదే. కానీ ఏడాది పొడుగునా ఏదో ఒక పచ్చడి పెడుతూనే ఉంటుంది, ఇంట్లో ఖాళీగా కనిపించిన ఆడమనిషి ఒళ్లో మిరపకాయల బుట్ట పెడుతుంది. నేను బి.ఇడి. చదివింది తొడిమలు తియ్యడానికి కాదు.

మా హెడ్మాస్టరుగారు స్కూలు ఆవరణలోనే ఒక మూల పెంకుటింట్లో ఉండేవారు. ఆయనకి పిల్లలు లేరు, కావేరి అనే ఆవు ఉంది. దాన్ని స్కూల్లో ఎవరూ అదిలించకూడదు. అది స్టాఫ్ రూములోకి తల పెడితే మేమే పక్కకి జరిగేవాళ్లం. అటెండరు సిమ్మాచలం గంట కొట్టడం మర్చిపోయినా ఊరుకునేవారు గానీ, దానికి కుడితి పెట్టడం మర్చిపోతే మెమో ఇచ్చేవారు.

పోయినసారి ఇనస్పెక్టరుగారు వచ్చినప్పుడు, సోషల్ పాఠమంతా సుద్దముక్కతోనూ గొంతుతోనూ సరిపెట్టేశారని చిరాకు పడ్డారట. అందుకని ఈసారి రిలీఫ్ మోడల్ ఉండి తీరాలని హెడ్మాస్టరుగారు పట్టుబట్టారు. అంటే కొండలూ లోయలూ ఎత్తుపల్లాలతో సహా మట్టితో చేసి చూపించడం. "బయటినుంచి ఏదీ తెప్పించకండమ్మా. ఊళ్లో దొరికేవాటితోనే కానియ్యండి" అన్నారు. ఈ మాట గుర్తుంచుకోండి. తర్వాత జరిగినదానికంతటికీ ఇదే మూలం.

వరసలో నాకు తగిలిన పాఠం ఫ్రాన్సు దేశంలోని సవోయ్. తూర్పు సరిహద్దున ఇటలీ, స్విట్జర్లాండు పక్కన, ఆల్ప్స్ పర్వతాల్లో ఉండే ప్రాంతం. మాంట్ బ్లాంక్ అనే మహా శిఖరం అక్కడిదే. వందల ఏళ్లు సొంత ప్రభువుల కింద ఉండి, ఫ్రాన్సులో కలిసి అప్పటికి నూరేళ్లు దాటింది. నేనా, మహేంద్రగిరి తప్ప చెప్పుకోదగ్గ కొండని చూసినదాన్ని కాను, అదీ దూరంనుంచి. మంచుగడ్డ చూసింది సోడాకొట్లో.

పాఠంలో ఒక్క సంగతి మాత్రం పిల్లలకి నేను విప్పి చెప్పక్కర్లేకపోయింది. పూర్వం చలికాలంలో పని దొరక్క సవోయ్ మగవాళ్లూ, చిన్నపిల్లలూ కూడా పారిస్ దాకా నడిచిపోయి అక్కడి ఇళ్ల పొగగొట్టాలు శుభ్రం చేసి బతికేవారు. ఆ క్లాసులో చాలామంది ఇళ్లలో ఎవరో ఒకరు ఓడెక్కి రంగం వెళ్లి మూటలు మోసినవాళ్లే. రంగూన్‌ని మా వైపు రంగం అంటారు. ఆ పూట క్లాసు ఎంత నిశ్శబ్దంగా విన్నదో నాకు ఇప్పటికీ గుర్తు.

మిగతాది నమ్మలేదు. జలపాతాలనుంచి కరెంటు తీసి దానికి తెల్ల బొగ్గు అని పేరు పెట్టుకున్నారంటే, స్కూల్లో ఒక్క దీపం కూడా లేని మా పిల్లలు మర్యాదకి తలూపారు. పాలని గట్టిపరిచి నెలల తరబడి నిలవబెట్టి తింటారంటే ఏవగించుకున్నారు. ఇక ట్రాన్స్‌హ్యూమన్స్ దగ్గర తిరగబడ్డారు. ఎండాకాలంలో పశువుల్ని ఎత్తైన కొండబీళ్ల మీదికి తోలి, చలి మొదలవగానే మళ్లీ లోయలోకి దించే ఆచారాన్ని అలా అంటారు. ఉప్పు కొఠార్లలో, అంటే ఉప్పు పండించే మళ్లలో, పనిచేసే ఒకతని కూతురు పైడమ్మ, ముందు బల్ల పిల్ల, లేచి నిలబడింది.

"గొడ్డు కొండెందుకెక్కుతాది టీచరుగారూ? కాళ్లు లాగీవా?"

మేత పైన బాగుంటుంది కాబట్టి ఎక్కుతుందన్నాను.

"మా గొడ్డయితే ఎక్కదండి" అని కూర్చుంది. ఆ మాటతో క్లాసంతా పైడమ్మ పక్షం అయిపోయింది. ఫ్రాన్సు గురించి పుస్తకం చెప్పినదానికన్నా పైడమ్మ గొడ్డు మాటే వాళ్లకి ఎక్కువ.

మోడల్ పని మాత్రం హుషారుగా సాగింది. విరిగిన తలుపు చెక్క ఒకటి తెచ్చి వరండాలో వేశాం. కొండలకి కాగితం గుజ్జు కావాలి. మా ఇళ్లలో బుట్టలకి పూయడానికి కాగితాలూ మెంతులూ కలిపి నానబెట్టి రుబ్బుతారు కదా, అదే పద్ధతి. కాగితాలకి పాత పరీక్ష పేపర్లు పనికొచ్చాయి. ఆల్ప్స్ పర్వతాల్లో నేను వేసిన సున్నాలు ఎన్ని కలిసిపోయాయో తలుచుకుంటే నాకే జాలేసింది. అడవులకి సరుగుడు రెమ్మలు గుచ్చారు. సరస్సులకి అద్దం ముక్కలు, నదులకి బట్టలకి పెట్టే నీలిమందు. కొండబీళ్లకి ఏం వెయ్యాలా అని నేను ఆలోచిస్తుంటే, రైతుబిడ్డలకి ఆలోచన ఎందుకు, తడి మట్టి మీద సోళ్లు, అదే రాగులు, జల్లేశారు. ఇనస్పెక్షన్ నాటికి సవోయ్ అంతా లేత పచ్చగా మొలిచింది.

మంచు దగ్గర ఆగాం. సున్నం జల్లుదామంటే నీలిమందు పాడవుతుందని భయం. "మంచు కొండంటే మా ఉప్పు కుప్పలాగే ఉంటాదేటండి?" అని పైడమ్మ అడిగింది. అచ్చం అలాగే ఉంటుందన్నాను, నేను మాత్రం చూశానా. మర్నాడు నెత్తిమీద బుట్టతో వచ్చింది. వాళ్ల అయ్య తన చేతులతో తీసిన ఉప్పట. మాంట్ బ్లాంక్ మీద దాన్ని దోసిళ్లతో పోస్తుంటే నేను చేస్తున్న పని ఆపి చూశాను. అంత అందంగా ఉంది.

ఇంతమంది ఉన్నాం. మెంతుల గుజ్జు, లేత సోళ్ల మొలకలు, దోసిళ్లకొద్దీ ఉప్పు. పుట్టినప్పటినుంచీ గొడ్ల మధ్య పెరిగినవాళ్లం. మేం కట్టింది కొండ కాదు, కుడితితొట్టి అని ఒక్కరికీ తట్టలేదు.

ఇనస్పెక్టరుగారు వచ్చిన రోజు శ్రావణమాసం ముసురు. పొద్దున్నే చూస్తే ఉప్పు చెమర్చి నీరు కారుతోంది. నీలిమందు కరిగి లోయల్లోకి పోయింది. మంచు కరిగి నదులు పుడతాయని పుస్తకంలోనే ఉంది కదా అని ధైర్యం తెచ్చుకుని, పొడిగోనె కప్పి, చూపించేదాకా ఎవరూ ముట్టొద్దని సిమ్మాచలాన్ని కాపలా పెట్టాను. తలుపులోంచి చెక్క పట్టదు కనుక మోడల్ వరండాలోనే ఉంది.

ఇనస్పెక్టరుగారు పొడుగ్గా, నవ్వడమంటే రూల్సుకి విరుద్ధం అన్నట్టు ఉండే మనిషి. వెనక బల్ల మీద కూర్చున్నారు, పక్కన హెడ్మాస్టరుగారు చెమటలు తుడుచుకుంటూ. నేను పాఠం మొదలుపెట్టాను. బాగానే నడిచింది. పొగగొట్టాల సంగతి అడిగితే పిల్లలు రంగంతో పోల్చి చెప్పారు, ఆయన ఏదో రాసుకున్నారు. ఈలోగా హెడ్మాస్టరుగారికి దాహం వేసి సిమ్మాచలాన్ని మంచినీళ్లకి పంపారు. కాపలా పోయిందని తెలుస్తూనే ఉంది, కానీ నేను పాఠం మధ్యలో ఉన్నాను.

"ఎండాకాలంలో పశువులు ఏం చేస్తాయి?" అని ఇనస్పెక్టరుగారే అడిగారు.

అందరి తలలూ వరండావైపు తిరిగి ఉన్నాయి. బయటనుంచి సర్రు సర్రుమని గరుకు చప్పుడు వస్తోంది. నేను గుమ్మంలోకి వెళ్లి చూశాను. గోనె కింద పడి ఉంది. కావేరి ముందుకాళ్లు రెండూ చెక్క మీద పెట్టి మాంట్ బ్లాంక్‌ని నాకుతోంది. కింది బీళ్లు అప్పటికే ఖాళీ. నాకు మా వదిన, మిరపకాయల బుట్ట కళ్లముందు కనిపించాయి.

హెడ్మాస్టరుగారు పరుగెత్తుకొచ్చారు. ఉద్యోగం ఒకవైపు లాగుతోంది, ఆవు ఒకవైపు. కొట్టలేరు, ఊరుకోలేరు. "దిగమ్మా, దిగు తల్లీ" అని బతిమాలుతూ తోక దగ్గర నిలబడ్డారు. అది తోకతో ఆయన కళ్లజోడు పడగొట్టి ఒక చిన్న శిఖరం మెంతులతో సహా నమిలేసింది. ఇనస్పెక్టరుగారు లేచి వచ్చి నా పక్కన నిలబడ్డారు.

"ఇది ఏమిటి?" అన్నారు నాతో.

నేను జవాబు వెతుక్కునేలోగా వెనకనుంచి పైడమ్మ వచ్చింది. దాని మొహంలో భయం లేదు, ఓడిపోయినవాళ్లు న్యాయంగా ఒప్పుకునే తీరు ఉంది.

"టీచరుగారు సెప్పినారండి, ఎండాకాలం ఆవులు కొండెక్కుతాయని. నాను నమ్మనేదండి. ఇప్పుడు ఎక్కీసినాది."

"మరి ఎప్పుడు దిగుతుంది?"

"మేత అయిపోతే దిగుతాదండి. ఆల్ప్స్‌లోనూ అంతే కదండీ టీచరుగారూ?"

అంతే అన్నాను. పైబీళ్లకి వెళ్లేటప్పుడు సవోయ్ కాపరులు ఆవుల కోసం ఉప్పు మోసుకెళతారనీ, కొండ గడ్డిలో ఉప్పు చాలదనీ, రాజుల కాలంలో ఆ ఉప్పు మీద పన్నుకి జనం గడగడలాడేవారనీ గబగబా చెప్పేశాను. పాఠంలో మిగిలిపోయిన ముక్క అదొక్కటే. కావేరి నాకుతుండగానే పూర్తి చేశాను.

ఇనస్పెక్టరుగారి మీసం కదిలింది. ఆయన హెడ్మాస్టరుగారి కళ్లజోడు తీసి చేతికిచ్చి, "టీచరుని ఉంచండి. ఆవుని కట్టెయ్యండి" అని వెళ్లిపోయారు.

నాకు పోస్టు ఖాయమైంది. ఆ తర్వాత ఏ దేశం పాఠమైనా, ఆ దేశంలో ఉన్నది మన ఊళ్లో ఏముందో పిల్లల్నే తెమ్మనడం నేర్చుకున్నాను. మోడళ్లలో మాత్రం మళ్లీ ఉప్పు వాడలేదు.

చాలా ఏళ్లకి నౌపడ స్టేషన్లో పైడమ్మ కనిపించింది. పక్కన బళ్లో చదువుతున్న కూతురు. బండి వచ్చేదాకా మాట్లాడుకున్నాం. నేను చెప్పిన రాజులూ రాజధానులూ ఏవీ దానికి గుర్తు లేవు, నేను కష్టపడి గీయించిన పటాలూ లేవు. సవోయ్ మాత్రం నదులతో సహా చెప్పింది. కూతుర్ని ముందుకి తోసి, "ఈవిడేనే ఆ టీచరుగారు" అంది. "పెద్ద కొండ. దాని మీదున్నదంతా మీ తాత తీసిన ఉప్పే."