టార్చి మామయ్య చూసిన గుడ్లు

వెనక టార్చిలైటు పెట్టి చూసేదాకా మామయ్య లోకంలో ఏ వస్తువునూ నమ్మేవాడు కాదు. గొడుగు కొనాల్సి వస్తే దుకాణంలోనే దాన్ని విప్పి, కింద దూరి, దుకాణదారు చేత పైనుంచి టార్చి వేయించేవాడు. రొట్టె ముక్కను వెలుతురుకు పట్టి, "మధ్యలో పలచగా ఉంది" అని తీర్పు చెప్పిన తర్వాతే నోట్లో పెట్టుకునేవాడు. అత్తయ్య చేత పెళ్లినాడే కళ్లజోడు తీయించి, దాని అద్దాలకు టార్చి పట్టిన ఘనుడాయన.

ఇందుకు కారణం లేకపోలేదు. యవ్వనమంతా ఆయన తన ఫొటో స్టూడియో వెనకున్న చీకటి గదిలో నెగటివ్‌లు కడుగుతూ గడిపాడు. కాలం మారి స్టూడియో మూతపడింది గాని, ఆయన కళ్లు మాత్రం పదవీ విరమణకు ఒప్పుకోలేదు.

ఉద్యోగం వెతుక్కుంటూ ఆ ఇంట్లో ఉంటున్న మేనకోడలికి ఈ వ్యవహారం బొత్తిగా గిట్టేది కాదు. నిజం అనేది తెలిసిన మరుక్షణమే, తెలియాల్సిన వారందరికీ, దాపరికం లేకుండా చెప్పి తీరాలని ఆమె సిద్ధాంతం. మామయ్యేమో ప్రతిదాన్నీ చూస్తాడు, తల ఊపుతాడు, వాయిదా వేస్తాడు.

ఆమె వచ్చిన మొదటి రోజే, టీ తాగుతుండగా, చెవి వెనక ఏదో వెచ్చగా తగిలింది.

"ఏం చూస్తున్నావు మామయ్యా?"

"జీవం ఉందేమోనని."

"ఉందా?"

"నరాలైతే కనిపిస్తున్నాయి. కదలిక లేదు. కొన్నాళ్లాగి చెప్తాలే."

ఇంటర్వ్యూ ముందు రోజు సాయంత్రం ఆమె ఇస్త్రీ చేసుకున్న కుర్తాకు కూడా టార్చి పట్టాడు. "భుజం దగ్గర బట్ట విడిపోయింది."

"ఈ మాట ఇప్పుడా చెప్పేది? నాకున్న మంచి కుర్తా అదొక్కటే."

"కనిపించింది ఇప్పుడే కదమ్మా."

ఆమె విసురుగా కుర్తాను కుర్చీ మీద పడేసి వెళ్లిపోయింది. పొద్దున లేచి చూస్తే ఎక్కడా చిరుగు కనిపించలేదు. పాపం, మామయ్యకు చూపు మందగిస్తోందని నిర్ధారించుకుని ఆమె ఇంటర్వ్యూకు వెళ్లింది.

మూతపడిన స్టూడియో ముందుగదిని దర్జీ అక్కయ్య ఇంటి యజమాని దగ్గర అద్దెకు తీసుకుంది. ఒంటరి మనిషి. ఆమెకు ఒక తెల్లకోడి ఉండేది. మనుషులతో కన్నా ఆ కోడితోనే ఆమె ఎక్కువ మాట్లాడేది. కోడి కూడా మధ్యలో అడ్డు తగలకుండా వినేది. అది కుట్టుమిషను కింద కత్తిరింపు ముక్కల బుట్టలో గుడ్లు పొదగడానికి కూర్చుంది. ఆ సంగతి ఇంటి యజమాని చెవిన పడింది.

"ఇది కుట్టు దుకాణమా, కోళ్ల ఫారమా?" అంటూ ఆయన గుమ్మంలో నిలబడ్డాడు.

"గుడ్ల మీద కూర్చుందండీ. ఇప్పుడు లేపితే ఎలా?" అంది దర్జీ అక్కయ్య.

"ఈ వీధిలో పుంజేది? ఉన్న ఒక్కదాన్నీ పట్టుకుని ఎదురింటివాళ్లు ఎప్పుడో ఇల్లు మారారు. ఇది ఉత్త గుడ్ల మీద సోకులు పోతోంది."

"కోడిని పంపిస్తే నేనూ పోతానండీ. మిషను సర్దుకోడానికి ఎంతసేపు?"

ఆయన ఇరకాటంలో పడ్డాడు. వేళకు అద్దె ఇచ్చేవాళ్లు ఊరికే దొరకరు. గొంతు సవరించుకుని షరతు పెట్టాడు: "ప్రాణమున్నదాన్ని వీధిలో పడేసే రకాన్ని కాను. గుడ్లలో జీవం ఉంటే తల్లీ పిల్లలూ పెరట్లో ఉండొచ్చు. లేకపోతే కోడి వెళ్లాల్సిందే. చూసి చెప్పవయ్యా టార్చీ. నువ్వు చెప్తే నమ్ముతాను."

మామయ్య గుడ్లను చీకటి గదిలోకి తీసుకెళ్లి తలుపు వేసుకున్నాడు. బయటికొచ్చి అందరి ముఖాలూ చూశాడు. "ఇంకా తేలలేదు. ఎల్లుండి రండి."

మేనకోడలికి ఒళ్లు మండిపోయింది. ఆయన అటు వెళ్లగానే తానే టార్చి తీసుకుని, ఒక్కో గుడ్డూ పరీక్షించింది. జీవమున్న గుడ్డులో ఎర్రటి నరాలు సాలెగూడులా అల్లుకుని ఉంటాయని ఆయన నోటే విన్నది. ఇక్కడ పచ్చసొన నీడ తప్ప మరేమీ లేదు. అన్నీ అంతే.

"మామయ్యా, అన్నీ ఖాళీ గుడ్లే. ఆవిడతో ఆ మాట చెప్పేయాలి. పాపం, ఆ కోడి తిండి మానేసి చిక్కి శల్యమవుతోంది."

"చెప్దాం."

"ఎప్పుడు?"

"ఎల్లుండి అన్నానుగా."

మర్నాడు మిట్టమధ్యాహ్నం, ఎండ నిప్పులు చెరుగుతుండగా, మామయ్య ఉన్ని స్వెట్టరు వేసుకుని బస్సు దిగాడు. రెండు చేతులతో పొట్ట పట్టుకుని, నెలలు నిండిన మనిషిలా, అడుగులో అడుగు వేసుకుంటూ వీధంతా నడిచొచ్చాడు.

"కడుపునొప్పా మామయ్యా?"

"తప్పుకోమ్మా. నవ్వించకు. నవ్వితే ప్రమాదం."

మరునాడు యజమాని వచ్చాడు. మామయ్య ఆయన్ని మర్యాదగా చీకటి గదిలోకి పిలిచి, కోడి కింది గుడ్డొకటి టార్చి మీద నిలబెట్టాడు. గుడ్డు దీపంలా వెలిగింది. లోపల ఎర్రటి నరాలు. వాటి మధ్య నల్లటి చుక్క ఒకటి మెల్లగా కదిలింది.

యజమాని గుడ్డు మీదికి వంగి రహస్యంగా అడిగాడు. "అది నన్ను చూస్తోందా?"

"ఇంకా లేదండీ. మీరే ముందు చూశారు."

మేనకోడలు నోరు తెరిచి నిలబడిపోయింది. మామయ్య రంగు పెన్సిలుతో నరాలు గీశాడేమోనని అనుమానం వచ్చి, ఆయన బయటికెళ్లగానే వేలు తడిచేసుకుని గుడ్డును రుద్దింది. వేలికి ఏమీ అంటలేదు. గది గాలించింది. నెగటివ్‌లు కడిగే పళ్లెంలో, తువ్వాలు కింద, పాత గుడ్లు వరసగా పడుకుని ఉన్నాయి. పక్కనే స్వెట్టరు, దాని నిండా గడ్డిపరకలు.

"మామయ్యా, ఇవేంటి?"

"పాతవి."

"కోడి కింద ఉన్నవో?"

"ఊరి చివర కోళ్లాయన పొదిగే పెట్టెలోవి. ఆయన గుడ్లన్నీ టార్చి వేసి చూసిపెట్టాను, ఇవి ఇచ్చాడు. బస్సులో సీటిచ్చారు గానీ కూర్చోలేదు. వంగితే వీటి పని అయిపోయేది."

"ఇది మోసం మామయ్యా."

"ఆయనకి చూపించిన గుడ్డులో జీవం ఉందా, లేదా?"

"ఉంది."

"కోడి కింద ఉన్నవి అవేనా?"

"అవే, కానీ..."

"అయితే అబద్ధం ఎక్కడుందో చూపించు. ఇదిగో టార్చి."

ఆమె టార్చి అందుకుంది గాని, దాన్ని ఎటు పట్టాలో తెలియలేదు. మామయ్య పాత గుడ్లు సర్దుతూ అన్నాడు. "నెగటివ్ మీద మచ్చ కనిపిస్తే ఫొటో దిగినావిడని పిలిచి చూపించేవాణ్ణా? పెన్సిలు చెక్కుకుని దిద్దేవాణ్ణి. దిద్దడానికి కాకపోతే చూడ్డమెందుకమ్మా?"

ఆమె చెయ్యి అనుకోకుండా ఒంటి మీదున్న ఇంటర్వ్యూ కుర్తా భుజం మీదికి పోయింది. అక్కడ, కంటికి ఆనకుండా, వేలికి మాత్రమే తెలిసేంత సన్నగా, దర్జీ అక్కయ్య కుట్టు తగిలింది.

ఆ రోజు నుంచి యజమాని పూటపూటా వచ్చి, "నా గుడ్డేది?" అని అడగసాగాడు. గుడ్లు పిగిలిన రోజున దర్జీ అక్కయ్య మిషను ఆపేసి నేల మీద కూర్చుంది. తెల్లకోడి రెక్కల కిందనుంచి, బొగ్గులాంటి పిల్లలు ఒకటొకటిగా తలలు బయటపెట్టాయి.

యజమాని కనుబొమలు ముడిచాడు. "తల్లి తెల్లగా ఉంటే పిల్లలు ఇంత నల్లగా ఉన్నాయేంటయ్యా?"

"నెగటివ్‌లు కదండీ," అన్నాడు మామయ్య తడుముకోకుండా. "చీకట్లో ఎక్కువసేపు ఉన్నాయి."

యజమాని అనుమానంగా మేనకోడలి వైపు తిరిగాడు. "నువ్వు ఉన్నదున్నట్టు చెప్పే పిల్లవి. ఏమంటావమ్మాయ్?"

ఆమె మామయ్యను చూసింది. ఒళ్లో పిల్లలతో తల ఎత్తకుండా కూర్చున్న దర్జీ అక్కయ్యను చూసింది.

"మామయ్య ఏదీ చూడకుండా చెప్పడండీ," అంది. "ఆ సంగతి నేను స్వయంగా చూశాను."

యజమానికి ఆ సాక్ష్యం చాలింది. నల్లపిల్లనొకదాన్ని అరచేతిలోకి తీసుకుని, ఇది తన గుడ్డులోదేనని ప్రకటించాడు.

ఆమె చెవి వెనక ఏదో వెచ్చగా తగిలింది.

"ఆఁ," అన్నాడు మామయ్య. "ఇప్పుడు కదిలింది."