చైనా భిక్షువుల సారు

బోధన్‌లో నాగేందర్ సారు ఇల్లెక్కడంటే "చైనా సారేనా?" అని ఎదురడుగుతారు. ఆయన చైనా పోలేదు సరికదా, హైదరాబాద్ దాటింది కూడా తక్కువే. ఎడపల్లి బడిలో సాంఘికశాస్త్రం చెప్పినన్నాళ్ళూ, ఏ పాఠం మొదలుపెట్టినా చివరికి బౌద్ధ భిక్షువుల దగ్గరికి తెచ్చి ఆపేవాడు. వాళ్ళు పరాయి దేశాల నుంచి ఎడారులు దాటి చైనా చేరారు, అక్కడి భాష నేర్చి గ్రంథాలను అందులోకి మార్చారు. మన ధ్యానమే అక్కడ 'చాన్' అయిందని చెప్పేటప్పుడు సారు గొంతు పొంగేది. పిల్లలు ఆవలించేవాళ్ళు, అది వేరే సంగతి.

అందరిలోకీ కుమారజీవుడంటే ఆయనకు ప్రాణం. మధ్య ఆసియాలోని కూచా రాజ్యం నుంచి ఒక చైనా సేనాపతి పట్టుకుపోతే, ఏళ్ళ తరబడి పరాయి చోట బందీగా ఉండి చైనా భాష పట్టినవాడు. తర్వాత రాజధానిలో వందలమంది పండితుల నడుమ కూర్చుని సూత్రాలు చెబుతుంటే వాళ్ళు రాసుకున్నారు. మళ్ళీ సొంత ఊరు చూడకుండానే పోయాడు.

ఇంట్లో ఈ కథలు విన్నది భార్య విమల్‌బాయి ఒక్కతే. ధర్మాబాద్ పిల్ల, మరాఠీ ఆమె తల్లిమాట. కాపురానికొచ్చిన ఏడాదికే తెలుగులో బేరమాడింది, రెండో ఏడాదికి తెలుగులోనే తిట్టింది. సారు మరాఠీ మాత్రం అవుననే 'హో' దగ్గరే ఆగింది. ఆమెకే తెలుగు వచ్చాక ఈయనకు అవసరమేం పడింది కనుక?

ఒకసారి కుమారజీవుడి కథ వింటూ, చాటలో బియ్యం ఏరుతూ ఆమె అడిగింది. "అహో, గా సామికి కలలు ఏ భాషల పడుతుండె?"

"గది ఏ పుస్తకంల లేదు," అని సారు నవ్వేశాడు. పుస్తకంలో లేనిది ఆయనకు పట్టదు.

పోయిన చలికాలం విమల్‌బాయికి పక్షవాతం వచ్చింది. చెయ్యి పడిపోయింది, దాంతోపాటు తెలుగూ పోయింది. మిగిలింది మరాఠీ ఒక్కటే. వాళ్ళకు పిల్లలు లేరు. ఆమె పుట్టింటివైపు ఎవరూ మిగల్లేదు. పక్కింటివాళ్ళకు మరాఠీ వచ్చు, పిలిస్తే వచ్చేవాళ్ళే. పిలవడానికి సారుకు నామోషీ. ఇన్నేళ్ళు కాపురం చేసి పెళ్ళాం మాట తెలియదంటే నలుగురూ నవ్వరా?

ఆమె చెయ్యి పట్టుకొని కూర్చునేవాడు. ఆమె ఆయన కళ్ళలోకి చూసి పదే పదే అదే అడిగేది. "తుమ్హాలా మాఝం కాహీ కళతం కా?" దాహమేమో, నొప్పేమో అనుకొని ఆయన "హో, హో" అనేవాడు. వెంటనే ఆమె ముఖం తేటపడేది. ఇక ఆగకుండా చెప్పుకుంటూ పోయేది, మధ్యలో నవ్వేది, ఒక్కోసారి ఏడ్చేది. ఆయన నీళ్ళు తాగించేవాడు. ఉగాదికి ముందు ఆమె పోయింది.

ఇప్పుడు సారు ఒక్కడే వండుకుంటాడు, ఒక్కడే తింటాడు. భిక్షువుల కథ నోటిదాకా వస్తుంది, ఎవరికి చెప్పాలని మింగేస్తాడు. ఆమె ఏదో అడిగింది, తాను ఇవ్వలేదేమోనన్న దిగులు ఆయన్ని లోపల్లోపల తినేస్తోంది.

మొన్న సంతలో వంకాయలమ్మే మనిషి, ధర తప్పు చెప్పిన తమ్ముణ్ణి కసిరింది. "తులా కాహీ కళతం కా?"

సారు సంచి కింద పెట్టాడు. "అక్కా, గిప్పుడన్న మాటకు అర్థమేంది?"

"నీకేమన్న సమజైతుందా అంటున్న సార్."

విమల్‌బాయి అన్నది అన్నట్టుగా సారు ఆమెకు అప్పజెప్పాడు.

"నేననేది మీకేమన్న సమజైతుందా అని. ఎవరడిగిండ్రు సార్?"

"మా ఇంటామె."

"మరి మీరేమన్నరు?"

"హో అన్న."

"ఇగ ఫికరేంది," అని నవ్వి ఆమె తక్కెడ అందుకుంది.

సారు వంకాయలు కొనలేదు. సంచి తీసుకోవడం కూడా మరిచి రోడ్డు పక్కన నిలబడిపోయాడు. విమల్‌బాయి ఏదీ కావాలనలేదు. అర్థమవుతోందా అని అడిగింది, అవుతోందన్నాడు, నమ్మింది. నమ్మి, గుండెలో ఉన్నదంతా ఆయనకే చెప్పుకొని పోయింది. అది విన్నవాడు భూమ్మీద ఆయనొక్కడే. అందులో ఒక్క ముక్క ఆయనకు తెలియదు.